గిద్దెలతో కొలిచిన గొంతు

మా ఊరిని మీరు చూసి ఉండరుగాని, పేరు మాత్రం తప్పకుండా విని ఉంటారు. ఎండాకాలంలో రేడియో వార్తలు అయిపోవస్తుండగా, అన్నిటికన్నా ఎక్కువ వేడి ఎక్కడ నమోదయిందో చెప్పేవాళ్ళు చూడండి, అందులో ఏళ్ళ తరబడి మోగిన రెంటచింతల మాదే. నేను పుట్టిన ఊరు కాదు, మెట్టిన ఊరు. సంబంధం కుదిరినప్పుడు మా మేనమామ, "కుర్రాడు బుద్ధిమంతుడు, ఇల్లూ వాకిలీ బావున్నాయి, ఊరే కాస్త వేడి" అన్నాడు. ఆ 'కాస్త' అన్న మాటకు అర్థం మొదటి మే నెలలో తెలిసొచ్చింది.

అసలు గురజాలా, మాచర్లా మాకంటే చల్లగా ఉంటాయని కాదు. వాతావరణశాఖవాళ్ళ కొలతల కేంద్రం మా ఊళ్ళో ఉండబట్టి ఆ కీర్తి మాకు దక్కింది. వాళ్ళ కొలతకో పద్ధతుంది. ఉదయం ఎనిమిదిన్నరకీ, సాయంత్రం అయిదున్నరకీ చూసి రాస్తారు. ఆ రెండు వేళల్లో ఉన్న వేడి మాత్రమే రాస్తే, మధ్యాహ్నం రెండున్నరకి మా నెత్తిన కురిసిన నిప్పులు లెక్కలోకే రావు. అందుకని గరిష్ఠాన్ని పట్టుకోవడానికి వేరే థర్మామీటరు ఉంటుంది. మనం జ్వరం చూసుకునే గాజు థర్మామీటరులాగానే, పాదరసం ఎక్కినంత ఎక్కి అక్కడే నిలబడిపోతుంది. పైగా 'నలభై అయిదో, నలభై ఆరో' అని ఊరుకోరు. 45.6 అని పదోవంతు దాకా చదువుతారు.

ఎన్నిసార్లు చూడాలి? ఎంత సన్నంగా చదవాలి? ఈ రెండు ప్రశ్నలూ ఎండకే కాదు, పాటకు కూడా ఉంటాయనీ, వాటిమీద మా ఇంట్లో పదకొండు రోజులపాటు యుద్ధం జరుగుతుందనీ నేను కలలో కూడా అనుకోలేదు.

మా అత్తగారికి ఎనభై రెండేళ్ళు. ఆవిడకు నలభై ఒక్క పాటలు వచ్చు. నేనే కూచుని లెక్కపెట్టాను. లాలి పాటలు, తలుపు దగ్గర పాటలు, బంతులాట పాటలు, మంగళహారతులు, దంపుళ్ళ పాటలు, అన్నిటికన్నా మించి అప్పగింతల పాట. ఆవిడ అప్పగింతల పాట ఎత్తుకుంటే పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా కళ్ళొత్తుకునేవారు. ఇవేవీ ఏ పుస్తకంలోనూ చూసి నేర్చుకున్నవి కావు. వాళ్ళమ్మ దగ్గరా, మేనత్త దగ్గరా విని పట్టుకున్నవి.

పోయిన ఏడాది వేసవిలో ఆవిడ మెడమీద వాపు కనిపించింది. థైరాయిడు గడ్డ అన్నారు. ఆపరేషను చెయ్యాలన్నారు. డాక్టరుగారు నెమ్మదస్తుడు. "గొంతుని పలికించే నరం ఆ గడ్డకి ఆనుకునే ఉంటుందమ్మా. చాలామందికి ఏమీ కాదు. కొందరికి గొంతు మారుతుంది. ముందే చెప్పడం మా ధర్మం" అన్నాడు. ఆపరేషనుకు పదకొండో రోజున ముహూర్తం పెట్టారు.

దారిలో అందరం నోరు మూసుకుని కూచున్నాం. అత్తగారే అన్నారు: "ఏందమ్మాయ్, అట్టా దిగాలు పడ్డారు? పాట పోతే పోయిద్ది. మాట ఉంటే చాలదా, మిమ్మల్ని కేకలెయ్యటానికి?"

ఆవిడ నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రే రికార్డు చేద్దామని నిశ్చయమైంది. నిశ్చయమైనంతసేపు పట్టలేదు, తగువు మొదలవడానికి. మావారు, "ఫోనుంది కదా, నొక్కితే అదే రికార్డవుతుంది" అన్నారు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే మా అబ్బాయి, "నాన్నా, నాయనమ్మ గొంతుని ఫోన్లో పెడతారా! నేను మైకూ, రికార్డింగు పెట్టే తెస్తున్నా. 192 కిలోహెర్ట్జులు, 24 బిట్లు" అన్నాడు. డల్లాస్‌లో ఉన్న మా మరిది, "96 చాలురా, అంతకంటే దండగ" అన్నాడు. అబ్బాయి స్నేహితుడొకడు, "సీడీలన్నీ 44.1, 16 బిట్లే కదండీ ఆంటీ, అంతకంటే ఎందుకు?" అన్నాడు. ఇంటెడుమందీ అంకెలతో కొట్టుకుంటూంటే మా అత్తగారు, "నా గొంతుకి ఈ బేరాలేందిరా, పత్తి యార్డులో మాదిరి!" అన్నారు.

నాకు ఇంజనీరింగు రాదు. కాని ఇంటి ఇల్లాలికి కొలతలు రాకపోవడమేమిటి? అబ్బాయిని కూచోబెట్టి, నాకు అర్థమయ్యేదాకా వదిలిపెట్టలేదు. నాకు బోధపడిన తీరులో మీకూ చెబుతాను.

ముందు బిట్ల సంగతి. మా అత్తగారి పెట్టెలో ఇప్పటికీ పాత కొలతపాత్రలున్నాయి. మావైపు లెక్క ఇది: రెండు గిద్దెలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అన్నీ రెట్టింపులే! కుంచానికి అరవై నాలుగు గిద్దెలు. మానికతో మాత్రమే కొలిచే ఇంట్లో మూడు మానికల మూడు గిద్దెల బియ్యాన్ని మూడనే రాస్తారు. ఆ మూడు గిద్దెలూ లెక్కలో మాయం. గిద్దె ఉన్న ఇంట్లో ఆ పొరపాటు జరగదు. బిట్టంటే ఇదేనట. ఒక్కో బిట్టు పెరిగితే కొలత రెండింతలు సన్నమవుతుంది. గిద్దె నుంచి కుంచానికి ఆరు రెట్టింపులు గనక మా అత్తగారి పాత్రలు ఆరు బిట్లన్నమాట. 16 బిట్లయితే పాట హెచ్చుతగ్గుల్ని 65,536 మెట్లుగా కొలవచ్చు. 24 బిట్లయితే 1,67,77,216 మెట్లు. కోటీ అరవై ఏడు లక్షలు!

"అయితే కోటి మెట్లే మంచివిగా?" అన్నాను. "వినడానికైతే అక్కర్లేదమ్మా" అన్నాడు వాడు. ఒక్కో బిట్టుకి సుమారు ఆరు డెసిబెళ్ళ చొప్పున 16 బిట్లలో 96 డెసిబెళ్ళ అంతరం ఇముడుతుందట. తెల్లవారుజామున మన గది ఎంత నిశ్శబ్దంగా ఉన్నా ముప్ఫై డెసిబెళ్ళ చప్పుడు ఉండనే ఉంటుంది. దానిమీద నాయనమ్మ ఎంత గొంతెత్తి పాడినా 96 దాటే ప్రశ్నే లేదు. కాగితంమీద 24 బిట్లకి 144 డెసిబెళ్ళున్నా, అంత శుద్ధంగా పనిచేసే యంత్రం లేదు. మంచి పరికరాలు కూడా 120 దగ్గరే ఆగిపోతాయట.

మరి 24 ఎందుకు? ఇదిగో, ఇక్కడే ఉంది కిటుకు. పాలు కాచే గిన్నెను ఎవరైనా అంచుదాకా నింపుతారా? పొంగుకి చోటుంచుతాం. పాత టేపురికార్డరులో గొంతు హద్దుమీరితే కాస్త బొంగురుపోయేది, అంతే. ఈ అంకెల రికార్డింగులో అలా కాదు. హద్దు దాటిన ముక్క కత్తితో కోసినట్టు చదునయిపోతుంది. పొంగిపోయిన పాలని మళ్ళీ గిన్నెలోకెత్తలేం కదా! అందుకని హద్దుకి పన్నెండు డెసిబెళ్ళు కిందనే ఉంచాలి. అంటే కుంచం పట్టేచోట మానికే పోసి, మూడొంతులు ఖాళీ వదలడం. అలా వదిలితే రెండు బిట్లు పోతాయి. 16లో రెండు పోతే 14. ఇంకా భయపడి ఎక్కువ వదిలితే 12, 13. అప్పుడు సన్నని హీనస్వరాలు గరగరలాడతాయి. 24లో రెండు పోయినా నాలుగు పోయినా లోటే లేదు. కనక 24 బిట్లు చెవికోసం కాదు, పాడేవాళ్ళ గొంతు ఎప్పుడు ఎగురుతుందో తెలియనప్పుడు చోటుంచడం కోసం. రికార్డు అయిపోయాక 16కి దించుకుని విన్నా నష్టం లేదు. ఈ సంగతి నాకు బాగా నచ్చింది.

ఇక రెండోది, శాంప్లింగు రేటు. సెకనుకి ఎన్నిసార్లు కొలవాలన్నది. ఇది వాతావరణ కేంద్రంవాళ్ళ ఎనిమిదిన్నరా, అయిదున్నరా వ్యవహారమే. ఊగే ఉయ్యాలని ప్రతి ఊపుకీ ఒక్కసారే చూస్తే, ఎప్పుడు చూసినా ఒకే చోట కనిపించి, అసలు ఊగడం లేదనిపిస్తుంది. ఊపుకి రెండుసార్లకు మించి చూడాలి. సినిమాల్లో గుర్రబ్బండి ముందుకు పోతూంటే చక్రాలు వెనక్కి తిరిగినట్టు కనబడటం మీరు చూసే ఉంటారు. సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు చక్రం వేగానికి చాలక వచ్చిన చిక్కే అది. 1928లో అమెరికాలో నైక్విస్ట్ అనే ఆయన వేసిన పునాది మీద 1949లో షానన్ నిరూపించిన సూత్రమిది. ఎంత సన్నని కంపనాన్ని పట్టుకోవాలో దానికి రెట్టింపుకి మించి కొలిస్తే చాలు, అలని అలగా తిరిగి కట్టుకోవచ్చు. మధ్యలో ఏమీ జారిపోదు.

మనిషి చెవి బాగా ఉన్న రోజుల్లో ఇరవై వేల కంపనాల దాకా వింటుంది. దానికి రెట్టింపు నలభై వేలు, పైన కాస్త వెసులుబాటు. అందుకని సీడీకి 44,100. ఈ వంకర అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే అబ్బాయి చెప్పిన జవాబు నాకు ముచ్చటేసింది. మొదట్లో ఈ అంకెల్ని దాచడానికి వేరే యంత్రం లేక, టీవీ బొమ్మలు తీసే వీడియో టేపుల మీదే దాచేవారట. ఆ బొమ్మలో సెకనుకి 60 విడతలు, విడతకి వాడుకోగల గీతలు 245, గీతకి మూడేసి అంకెలు. గుణించి చూసుకోండి, 44,100. మన దేశంలో వాడిన పద్ధతిలో 50 విడతలు, 294 గీతలు, మూడేసి. అదీ 44,100! చీర కొలతకి బీరువా చేయించుకోలేదు, ఉన్న బీరువా కొలతకి చీర మడతపెట్టారు. సినిమా, వీడియోవాళ్ళు 48,000 పెట్టుకున్నారు. పాత టెలిఫోను పద్ధతిలో సెకనుకి ఎనిమిది వేలే. దూరాన ఉన్న అక్కయ్య 'స' అన్నా 'ఫ' అన్నా ఒకటే వినిపించడంలో ఆవిడ తప్పేమీ లేదు.

మరి 96, 192 దండగేనా? 2007లో బోస్టన్‌లో ఇద్దరు పెద్దమనుషులు పరీక్ష పెట్టారు. ఎక్కువ అంకెల పాటనీ, అదే పాటని సీడీ అంకెల్లోకి దించినదాన్నీ ఏది ఏదో చెప్పకుండా వినిపించారు. 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు. రూపాయి బిళ్ళ ఎగరేసినా అంతే! తర్వాత 2016లో అలాంటి పరీక్షలన్నీ పోగుచేసి చూస్తే నూటికి 52 సార్లు తేలింది. తేడా ఉందనుకున్నా అది అంత సన్నం. అయితే పాత రికార్డులు భద్రపరిచే గ్రంథాలయాలవారి అంతర్జాతీయ సంఘం మాత్రం 24 బిట్లు ఉండాలనీ, 48 వేలకి తగ్గొద్దనీ, వీలైతే 96 వేలు మేలనీ చెబుతుంది. రేపు ఎవరో ఏదో పద్ధతిలో శుభ్రం చేసుకోవడానికి పనికిరావచ్చునని.

నేను లెక్క కట్టాను. నలభై ఒక్క పాటలు, పాటకి నాలుగు నిమిషాల చొప్పున 164 నిమిషాలు. అబ్బాయి కోరిన 192, 24, రెండు మైకులతో అయితే పదకొండు వందల కోట్ల బైట్లు పైమాటే. ఒకే మైకుతో 48, 24 అయితే నూట నలభై రెండు కోట్లు. పాడేది ఒక్కరే, కూచునేది ఒక్కచోటే. రెండో మైకు ఎందుకు? చిన్న మూట అయితే మూడిళ్ళలో మూడు నకళ్ళు ఉంచుకోవచ్చు. పెద్ద మూట అయితే ఒక్కచోటే పడి ఉంటుంది, అది పోతే అన్నీ పోతాయి. "48, 24. ఇంక మాట్లాడకండి" అన్నాను. మావారు, "మధ్యేమార్గం" అని సంతోషించారు. ఆయన కోరిన ఫోనుకి మధ్యా మార్గమూ ఏ వైపుందో నాకైతే తెలియలేదు.

అంకెలు కుదిరాయి సరే, అసలు శత్రువు ముందుంది. మా ఇల్లు పల్నాటి నాపరాళ్ళ ఇల్లు. కింద నాపరాయి, పైన స్లాబు. చప్పట్లు కొడితే రెండు చప్పట్లు వినిపిస్తాయి. ఇంట్లో ఉన్న బొంతలు, రగ్గులు, దుప్పట్లు అన్నీ తీసి గది చుట్టూ దండేలకి కట్టాం. మే నెలలో, రెంటచింతలలో, బొంతలు కట్టిన గదిలో, ఫ్యాను కట్టేసి! ఫ్యాను తిరిగితే ఆ కోటి మెట్లలో సగం ఫ్యానే ఎక్కేస్తుంది. ఫ్రిజ్జు కూడా ఆపించాను. పెరుగు పులిసింది. పక్కింటివాళ్ళ మోటారు అయిదింటికి మొదలవుతుంది, కాకులు అంతకంటే ముందే లేస్తాయి. కనక తెల్లవారుజాము మూడున్నర నుంచి నాలుగున్నర దాకా, రోజుకి గంట. ఆవిడ నోటికీ మైకుకీ జానెడు దూరం. పక్కన చెంబుతో మంచినీళ్ళు, తడి తువాలు.

మొదటిరోజు ఆవిడకి గొంతు పెగల్లేదు. "ఎదురుగా మనిషి లేకుండా ఇనపముక్కకి పాడమంటే ఎట్టాగమ్మాయ్?" అన్నారు. అప్పటినుంచి నేను ఎదురుగా కూచున్నాను. లాలి పాటకి ఒళ్ళో దిండు పెట్టుకున్నాను. హారతికి పళ్ళెం పట్టుకున్నాను. అప్పుడు వచ్చింది పాట.

తొమ్మిదోనాడు అప్పగింతల పాట. అది మెల్లిగా, గొణిగినట్టు మొదలవుతుంది. ఆ మెల్లిదనానికి తగ్గట్టు మట్టం పెంచుదామని అబ్బాయి చెయ్యి వెయ్యబోతే, వద్దని సైగ చేశాను. ఎన్ని పెళ్ళిళ్ళలో విన్నాను ఆ పాట! మూడో చరణంలో తల్లి కూతుర్ని పిలిచే చోట ఆవిడ గొంతు ఒక్కసారి పైకి లేచింది. ఎనభై రెండేళ్ళ మనిషికి అంత గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో! పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడబిడ్డలిద్దరూ, కాటికి వెళ్ళిపోయిన వాళ్ళమ్మా అందరూ ఆ పిలుపులో ఉన్నారు. దీపపు గీత ఎర్రరంగు దగ్గరదాకా వెళ్ళి, తాకకుండా కిందికి దిగింది. అబ్బాయి నావైపు చూశాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు. ఖాళీగా వదిలిన ఆ మూడొంతుల చోటు ఎందుకో అప్పుడు తెలిసింది.

ఈ హడావుడిలోనే బీరువా అడుగునుంచి ఒక కాసెట్టు బయటపడింది. 1987లో మా పెళ్ళిలో అత్తగారూ, ఆవిడ అక్కగారూ కలిసి పాడినది. అక్కగారు పోయి పదిహేనేళ్ళయింది. కొన్నేళ్ళ కిందట పట్నంలో ఒక షాపువాడికిస్తే, ఎంపీత్రీ చేసి ఇచ్చాడు. చోటు కలిసివస్తుందని బాగా కుదించేశాడు కాబోలు, అక్కాచెల్లెళ్ళిద్దరూ నీళ్ళల్లో మునిగి పాడుతున్నట్టుంది. అదృష్టం, కాసెట్టు పారెయ్యలేదు. దీనికి మాత్రం అబ్బాయి మాట మన్నించి 96, 24 పెట్టించాను. ఆ టేపు ఇంకెన్నిసార్లు తిరుగుతుందో తెలియదు. మళ్ళీ పాడించుకోవడానికి ఒకరు లేరు. ఉన్నంతా ఒకేసారి తోడుకోవాలి. అక్కగారు హారతి చివర ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది. అది విని మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు.

మా పల్నాడులో గొంతులు దాచుకోవడం కొత్త సంగతేం కాదు. కారంపూడి వీరుల గుళ్ళ దగ్గర వీరవిద్యావంతులు పాడే పల్నాటి వీరుల కథని జీన్ రోఘేర్ అనే అమెరికా పరిశోధకుడు టేపుల మీద ఎక్కించుకుని వెళ్ళి, ఇంగ్లీషులో పెద్ద గ్రంథం రాశాడు. 1982లో ఆక్స్‌ఫర్డువాళ్ళు వేశారు. మొదటి సీడీలు జపానులో అమ్మకానికొచ్చిందీ ఆ ఏడే. వీరుల కథకి సముద్రాలు దాటి మనిషి వచ్చాడు. ఆడవాళ్ళ పాటలకి అంత దూరంనుంచి ఎవరూ రానక్కర్లేదు. ఇంట్లోవాళ్ళు వంటింటి గడప దాటి వస్తే చాలు. స్త్రీల పాటల మాటలు పుస్తకాల్లో అచ్చయ్యాయి, మంచిదే. కాని వరస అచ్చులో పడదు. ఎక్కడ ఊపిరి ఆపాలో, ఎక్కడ 'ఓయమ్మా' అని లాగాలో ఏ అక్షరం చెబుతుంది?

ఆపరేషను బాగానే జరిగింది. గడ్డలో చెడేమీ లేదన్నారు. ఆరువారాలు ఆవిడ గుసగుసలాడారు. తర్వాత మాట వచ్చింది, కేకలూ వచ్చాయి. పాట మాత్రం కింది స్వరాల్లోనే తిరుగుతుంది. పైకి పోబోతే తెగిపోతుంది. అప్పగింతల పాటలో ఆ పిలుపు ఇక లేదు.

మొన్న మా మనవరాలి బారసాలకి ఆ పాటలు పెట్టాం. ఆవిడ పక్కనే కూచుని శ్రద్ధగా విన్నారు. ఒక లాలి పాట దగ్గర చెయ్యెత్తి ఆపమన్నారు. "ఆ రోజున తొట్టి చరణం వదిలేశా. ఆ పెట్టె తీసుకురారా, అబ్బాయ్" అన్నారు. పిల్ల ఏడుపు, చుట్టాల గోల, ఫ్యాను చప్పుడు అన్నీ ఉన్నాయి. అబ్బాయి నావైపు చూస్తే, కానివ్వమన్నాను. మట్టం మాత్రం కిందనే ఉంచమన్నాను. ఆవిడ తన కొత్త గొంతుతో, తగ్గించి, ఆ చరణం పాడారు. దాన్ని పాత పాటకి అతికించమని అబ్బాయి అడిగితే ఒప్పుకోలేదు.

"పక్కన పెట్టు. అదీ నేనే, ఇదీ నేనే" అన్నారు.

ఇప్పుడు మా మూటలో నలభై ఒక్క పాటలూ, పైన ఒక చరణమూ ఉన్నాయి. మీ ఇంట్లో పాడే పెద్దావిడ ఉంటే, అంకెల తగువు నాలాగా ఒక్కరాత్రిలో తేల్చుకోండి. ఇరవై నాలుగు బిట్లు, నలభై ఎనిమిది వేలు, మానికకి కుంచమంత చోటు. ఫ్యాను కట్టెయ్యండి. మీరు ఎదురుగా కూచోండి.